ఆరని తలుపు

పోలీసు అమీన్ త్రయంబకరావు పంచనామా కాగితాన్ని నా చేతికి ఇచ్చిన తీరు చూస్తే, లేక లేక పుట్టిన కొడుకును ఎత్తుకోమని ఇస్తున్నాడేమో అనిపించింది. మూడు పేజీలు, ఉర్దూలో, గుండ్రటి దస్తూరీ. మొత్తం చదివాను. దస్తూరీ తప్ప మెచ్చుకోదగ్గది అందులో ఒక్క ముక్క లేదు.

"సదివినవా ఐలేశం? ఇగ వచ్చిన తొవ్వ వట్టుకొని పో," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "నాలుగు గంటల బండికి ముల్జిమును మహబూబునగరు తోలుతున్న. జుర్మ్ కబూల్ చేసిండు. వేలిముద్ర గూడ ఏసిండు."

"ఒప్పుకున్నడా సాబ్, ఒప్పిచ్చిన్రా?"

"నీ అసొంటోనికి జవాబు చెప్పనీకి సర్కారు నాకు తన్ఖా ఇస్తలేదు."

ఎందుకిస్తుందో మాత్రం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను హైదరాబాదు సీ.ఐ.డీ.లో జమాదారుగా ఉన్న రోజుల్లో ఈ మనిషి నా పై అధికారి. ఇలాంటి పంచనామా ఒకటి నన్ను రాయమన్నాడు, రాయనన్నాను. ఆయన అమీన్ అయ్యాడు, నేను ఇంటికి పోయాను. అప్పటినుంచి వకీళ్లు పిలిస్తే వెళ్లి, పోలీసులు పాడుచేసిన కేసులను బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. పని లేని రోజు ఇంతవరకు రాలేదు.

ఈసారి పిలిచింది మహబూబునగరు వకీలు. ఆయన కాళ్లు పట్టుకున్నది, నేరం మీద పడ్డ ముల్జిము యోహాను పెండ్లాం బిక్షమ్మ. ఎనిమిది కోసులు నడిచి వచ్చిందట. యోహానుకు ఉరి పడితే ముగ్గురు పిల్లలతో ఆమె ఏమైపోతుందన్నది పంచనామాలో ఎక్కడా లేదు.

కేసు ఇది. రైలు స్టేషనుకు అరకోసు దూరంలో విరూపాక్షరెడ్డి దొర రంగుల కార్ఖానా ఉంది. యుద్ధం రాకముందు దొర ఆముదాల వ్యాపారి. ఫౌజు లారీలకు, మందుగుండు పెట్టెలకు రంగు కావాలని సర్కారు అడగ్గానే రాత్రికి రాత్రి రంగుల నిపుణుడైపోయాడు. అసలు పనంతా చేసేది పెద్దులు మేస్త్రీ. అవిసె నూనెను పెద్ద కాగులో కాచి, రంగులో కలిపితే గట్టిగా ఆరేటట్టు చేసే ఉపాయం చుట్టుపక్కల ఆయనొక్కడికే తెలుసు. పీర్ల పండుగకని శుక్రవారం నుంచి సోమవారం దాకా కార్ఖానా బందు. మంగళవారం ఫౌజు అఫ్సరు సరుకు చూడటానికి వస్తాడని, సోమవారం పెద్దులునూ, ఆయన కింద పనిచేసే యోహానునూ మాత్రం నూనె కాచడానికి పిలిపించారు. మంగళవారం పొద్దున ఆరు గంటలకు కూలీలు పనిలోకి వస్తే, రంగులు నూరే కొట్టంలో పెద్దులు తల పగిలి పడి ఉన్నాడు. అఫ్సరు రాక ఆగిపోయింది.

"సబూత్ ఏంది సాబ్?" అని అడిగాను.

త్రయంబకరావు లేచి, కొట్టం తలుపు దగ్గరికి నడిచాడు. పెద్ద టేకు తలుపు, రెండు వైపులా కొత్తగా ఎర్ర రంగు. లోపలివైపు కింది భాగంలో ఒక అరచెయ్యి అచ్చు దిగబడి ఉంది.

"సోమారం నాలుగు గంటలకు గీ తలుపుకు రంగేసిన్రు. పన్నెండు గంటలల్ల ఆరుతది. దొర చెప్పిండు, ఫౌజుకు రాసిచ్చిన కాయితంల గూడ గదే ఉన్నది. అంటె తెల్లారి నాలుగింటికి రాయి లెక్క ఆరిపోయినట్టు. అంతకుముందె చెయ్యి వెట్టినోడు ఖూనీకోరు. చెయ్యి యోహానుది. వాని అరచేతికి గిదే రంగు ఉండె. సోమారం పగటీలి ఇద్దరు లొల్లి వెట్టుకున్నరు గూడ. ఇంకేం గావాలె నీకు?"

"కొద్దిగ బుర్ర గావాలె," అన్నాను.

ఆయన మొహం తలుపు రంగుకు తిరిగింది. నేను అది చూస్తూ కూర్చోలేదు. బుధవారం, గడియారం పదకొండుంబావు. రైలుకు ఐదు గంటలు కూడా లేదు.

ముందు అచ్చు చూశాను. ఎడమ చెయ్యి. నా మోకాలికి జానెడు పైన ఉంది. మనిషిని చంపి పారిపోయేవాడు తలుపును ఛాతీ ఎత్తున తోస్తాడు గాని, మోకాలి ఎత్తున తోయడు. నడుం వంచి, కింద బరువేదో మోస్తున్నవాడు తలుపు మీదికి వస్తుంటే ఆపిన చెయ్యి అది. తర్వాత అచ్చు పక్కన నా బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు దిగింది. తీసి చూస్తే ఎర్రగా, జిగటగా ఉంది.

దొర చెప్పిన లెక్క ప్రకారమే అయినా రంగు వేసి నలభై మూడు గంటలు దాటింది. పన్నెండు గంటల్లో ఆరే రంగు ఇది. ఈ తలుపు ముందు నిలబడి మూడు పేజీలు రాసిన అమీన్ సాబుకు ఒక్కసారి వేలు పెట్టి చూడాలని తోచలేదు. యూనిఫారం పాడవుతుందనుకున్నాడేమో.

కొట్టంలో గోడ వెంట అయిదు నున్నటి బండలు పరిచి ఉన్నాయి. ఒక్కో బండ మీద మనిషి తలకాయంత పొత్రం. చివరి బండ దగ్గర యాభై ఏళ్ల ఆడమనిషి ఒకామె కూర్చుని, తెల్లరంగు అంటిన చేతులతో, బట్టతో బండ తుడుస్తోంది. పేరు బాలనర్సమ్మ. కార్ఖానా పెట్టినప్పటినుంచి తెల్ల రంగు నూరేది ఆమేనట. అమీను మాట్లాడించాడా అని అడిగితే, "నన్నెవరడుగుతరయ్యా," అంది తల ఎత్తకుండా.

"ఏం తుడుస్తున్నవు అవ్వా?"

"ఖరాబయింది. నిన్నటిసంది తోముతున్న, ఎరుపు పోతలేదు. దీని మీద ఇగ పది దినాలు తెల్లరంగు ఎల్లది."

"ఎరుపు ఎట్ల వచ్చింది?"

"ఎర్రదాని పొత్రం తెచ్చి నా బండ మీద వెట్టిన్రు. నెత్తురు గూడ గదానికే ఉండె." చెంగుతో మొహం తుడుచుకుంది. "ఏ రంగు పొత్రం ఆ బండదే అయ్యా. మేము కండ్లు మూసుకొని గూడ కలపం. కలిపితె రెండు రంగులు పాడు. కొత్తగ కూలికొచ్చినోల్లకు మొదటి దినం నేర్పేది గదే."

పంచనామా తీసి చూశాను. రెండో పేజీలో ఆ గుండ్రటి దస్తూరీతోనే ఉంది: నెత్తురు అంటిన ఎర్ర పొత్రం తెల్ల బండపై దొరికింది. త్రయంబకరావు రాసుకున్నాడు, కింద సంతకం కూడా పెట్టాడు. కళ్లున్న గుడ్డితనానికి సర్కారు ముద్ర కూడా వేసి పెట్టాడు.

"పెద్దులును బయటికి మోసింది ఎవరు?"

"తలకాయ దిక్కు మాతోటి కూలి బీరన్న. కాళ్లు వట్టింది యోహాను. ఆ తలుపేమొ గాలికి మీదికొస్తాంటె, ఒక చేత్తోని ఆపుకుంటనే ఎల్లిండు పిలగాడు. ఏడ్సుకుంట మోసిండయ్యా. పెద్దులు వానికి పని నేర్పినోడు."

"తలుపుకు సోమవారం నాలుగింటికి రంగేసింది ఎవరు?"

బాలనర్సమ్మ చెయ్యి ఆగింది. వాకిలి వైపు చూసింది. బయట అమీను ఒక కుర్చీలో కూర్చుని కిళ్లీ నములుతున్నాడు.

"సోమారం ఎవరేసిన్రయ్యా," అంది గొంతు తగ్గించి. "శుక్కురారం ఏసిన. నేనే ఏసిన. అఫ్సరు వస్తడు, తలుపు మంచిగ కనవడాలె అని దొర ఒక్కదాన్నె పిలిపిచ్చిండు. నేను చెప్పిన్నని మాత్రం అనకు. నా కొడుకు ఆయన పొలంల్నె జీతమున్నడు."

"ఫికర్ చేయకు. నీ పేరు నా నోట రాదు," అన్నాను. ఈ మాట నేను చాలామందికి చాలాసార్లు ఇచ్చాను. అలవాటైన మాట.

శుక్రవారం వేసిన రంగు బుధవారానికీ ఆరలేదు. దొర దాన్ని సోమవారమని చెప్పాడు. ఎందుకు చెప్పాడో అర్థం కావడానికి రంగుల చదువు అక్కరలేదు. శుక్రవారమని చెబితే సోమవారం రాత్రికి తలుపు గట్టిగా ఆరిపోయి ఉండాలి, యోహాను చెయ్యి అందులో దిగడానికి లేదు. దిగిందంటే ఆయన అమ్మే రంగు ఆరని రంగన్నమాట. రోజు మారిస్తే యోహాను దోషి, సరుకు నిర్దోషి.

ఇంక ఆ సరుకులో ఏముందో చూడాలి. చాకుతో తలుపు రంగు కొంత గీకి ఒక డబ్బా మూత మీద వేసుకున్నాను.

పన్నెండున్నరకు దొర వచ్చాడు. తెల్లటి షేర్వానీ, రూమీ టోపీ, చేతిలో వెండి పొన్ను కర్ర. తిండి తిని నిద్రపోవాల్సిన వేళలో రప్పించారన్న చిరాకు మొహం మీద ఉంది. కూలీలు బండల దగ్గర లేచి నిలబడ్డారు. త్రయంబకరావు కుర్చీలోంచి ఎంత వేగంగా లేచాడంటే, కిళ్లీ మింగేశాడు.

"ఈనెవరు?" అన్నాడు దొర, నన్ను కర్రతో చూపిస్తూ.

"ఐలేశమని, బర్తరఫ్ అయిన జమాదారు దొరా. వకీలు పంపిండు. పావుగంటల పంపిస్త."

"పావుగంట చాన ఎక్కువ సాబ్," అన్నాను. "దొరా, మీ రంగు ఎన్ని గంటలల్ల ఆరుతది?"

"పన్నెండు."

"జర గీ తలుపు ముట్టి చూడున్రి."

దొర ముట్టలేదు. చలికాలమనీ, మబ్బు పట్టిందనీ, నూనె రంగు కొన్నిసార్లు ఆలస్యమవుతుందనీ చెప్పాడు. మాట తీరు నెమ్మదిగానే ఉంది. త్రయంబకరావు ఒక్కో మాటకూ తల ఊపాడు. నేను అగ్గిపుల్ల గీసి డబ్బా మూత కింద పెట్టాను. ముందు టర్పెంటైను వాసన ఘాటుగా వచ్చి పోయింది. రెండో పుల్ల గీశాను. అప్పుడొచ్చింది అసలు వాసన. పాలమూరు జిల్లాలో పుట్టిన ఏ ముక్కైనా దాన్ని పోల్చుకుంటుంది. మా అవ్వ ఆదివారం ఆదివారం నా మాడుకు పట్టించి, ఒక చెంచాడు నోట్లో పోసిన వాసన అది. అమీను పక్కనున్న జవాను అనుకోకుండా మొహం చిట్లించాడు.

"ఆముదం," అన్నాను. "అవిసె నూనె ఆరుతది. పచ్చి ఆముదం నూరేండ్లయినా ఆరది. గోదాంల నిలువ వడ్డ ఆముదమంత ఫౌజు రంగుల వోసిన్రు. బాగనే ఉన్నది. గని మీ సొంత తలుపుకైన మంచి రంగు ఏసుకోవద్దా దొరా? ఊరోల్లను మోసం జేసిన వాన్ని చూసిన, సర్కారును జేసిన వాన్ని చూసిన. తన తలుపును తనే మోసం జేసిన మనిషిని ఈడనే చూస్తున్న."

బండల వైపునుంచి ఎవరో నవ్వు ఆపుకున్న చప్పుడు వినిపించింది. నాకు హాయిగా ఉంది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. అచ్చు ఎత్తు, ఎడమ చెయ్యి, శవం మోసిన తీరు, ఆరని రంగు, ఇవి చాలు యోహాను మెడమీది తాడు తెగడానికి. కాని ఇద్దరు పెద్దమనుషులు నా ముందు నోరు తెరుచుకుని నిలబడటం నాకు రోజూ దొరికే భాగ్యం కాదు. పొత్రం సంగతి కూడా చెప్పాను. ఎర్ర పొత్రం తెల్ల బండ మీద పెట్టినవాడు ఈ కొట్టంలో ఒక్క రోజు కూడా పనిచేసి ఉండడనీ, కార్ఖానాలో చేతికి రంగంటని మనిషి ఒక్కడే ఉన్నాడనీ చెప్పాను. ఆ ఒక్కడి షేర్వానీ వైపు చూస్తూ చెప్పాను.

"నూనె కాచేది పెద్దులు, ఆముదం సంగతి ఆయనకు తెల్వకుంట ఎట్లుంటది? మంగళారం అఫ్సరుకు చెప్తుండె. సోమారం పానం పోయింది. ఇగ తలుపు ముచ్చట. సోమారం నాలుగింటికి రంగేసిన్రని అమీన్ సాబుకు రాయిచ్చిన్రు. అబద్దం. గీ తలుపుకు రంగు వడ్డది శుక్రవారం."

త్రయంబకరావు దొర వైపు చూశాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఆయన ఎవర్నైనా అనుమానంగా చూడటం బహుశా ఇదే మొదటిసారి.

దొర కోపం తెచ్చుకోలేదు. కర్రను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"శుక్రవారమని నీకెవరు చెప్పిన్రు?"

"మీ తలుపే చెప్పింది," అన్నాను.

ఆయన తల పంకించాడు. బేరం తెగిన వ్యాపారిలాగ, ఏ తొందరా లేకుండా. "కారు తియ్యమను," అని జవానుతో చెప్పి, బయటికి నడిచాడు. దోషి పారిపోతున్నాడని నేను అనుకున్నాను. పోనీలే, ఎంత దూరం పోతాడు, పెట్రోలు దొరకని ఈ రోజుల్లో బొగ్గు గ్యాసు మీద మూలుగుతూ నడిచే ఆ డొక్కు కారులో అనుకున్నాను.

తర్వాతి గంట అమీన్ త్రయంబకరావుతో గడిచింది. ఆ గంటను నేను ఎప్పటికీ మరిచిపోను. డబ్బా మూత, తలుపు నుంచి కోసిన చెక్క ముక్క, పంచనామా నకలు సికింద్రాబాదు ఫౌజు అఫ్సరుకు పోతాయని చెప్పాను. ఆముదం కలిపినవాడికి కాపలా కాసిన అమీను ఎవరని వాళ్లు అడుగుతారని కూడా చెప్పాను. ఆయన ముందు కేకలేశాడు, తర్వాత పాత స్నేహం గుర్తు చేశాడు, చివరికి నాలుగు గంటల రైలుకు ముల్జిమును పంపడం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఈసారి దస్తూరీ అంత గుండ్రంగా రాలేదు.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఠాణాకు నడిచాను. రెండు దాటింది.

యోహాను హవాలాతు మూలన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి. కింది పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఎడమ అరచేతిలో ఎర్ర రంగు ఇంకా జిగటగానే ఉంది. ఊచల అవతల నిలబడి, కాగితం చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆముదం వాసన వచ్చినప్పుడు దొర మొహం ఎలా మారిందో కొంచెం ఎక్కువగానే చెప్పాను. అతని మొహంలో సంతోషం కోసం చూశాను.

"ఆముదం సంగతి అనొద్దనే పెద్దులు కాకను సోమారం బతిలాడిన," అన్నాడు యోహాను. "గదే వీల్లు లొల్లి అన్నరు. దొర చంపుతడు కాకా, ఊకో అన్న. ఇనలే. ఆరింటికి దొర కొట్టంలకు పిలుస్తుండని పోయిండు. నన్ను ఇంటికి పొమ్మన్నడు." నా చేతిలోని కాగితం వైపు చూశాడు. "అయ్యా, శుక్కురారం అని ఎట్ల తెలిసింది నీకు?"

"తెలిసింది. ఎట్లనో ఒకట్ల."

"దొర ముంగట అన్నవా ఆ మాట?"

"అన్న. అనకపోతె ఎట్ల?"

యోహాను లేచి ఊచల దగ్గరికి వచ్చాడు. నిలబడటానికి కష్టపడ్డాడు.

"శుక్కురారం కార్ఖాన బందున్నది అయ్యా. ఊరు ఊరంత పీర్ల కాడ ఉన్నది. మేం సోమారం వచ్చింది గూడ ఎనుక వాకిట్లకు, కాగు కాడికి. ముంగటి తలుపు చూడనే లేదు. ఆ దినం లోపట ఉన్నది ఇద్దరే. దొర, బాలనర్సమ్మవ్వ. మా ఇంటి పక్కనే ఉంటది, నేను చూస్తుండంగనె దొర మనిషొచ్చి పిలుచుకపోయిండు." రెండు చేతులతో ఊచలు పట్టుకున్నాడు. "దొర చెప్పకపోతె నీకెవరు చెప్పినట్టయ్యా?"

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. ఆమె పేరు నా నోట రాలేదు. పేరు అక్కర్లేని మాట వచ్చింది. అదీ అవసరానికి కాదు, గొప్పకు. పొద్దుటినుంచి అమీనును గుడ్డివాడన్న నోరు ఇదే.

ఠాణా మెట్ల దగ్గర ఒక ముసలి జవాను బీడీ కాలుస్తున్నాడు. దొర కారు ఇటుగా వచ్చిందా అని అడిగాను.

"గంటయింది, స్టేషను దాటి గుట్టల దిక్కు పోయింది," అన్నాడు తాపీగా. "ఇచ్చంత్రం చూసిన నేను. ఎనుక సీట్ల కూలామె ఒకతి కూసున్నది. చేతులకు తెల్లరంగు గూడ కడుక్కోలే. దొర కారుల కూలోల్లు కూసునుడు ఇన్నేండ్లల్ల ఎన్నడన్న చూసినమా?"